మంచానికో గుడ్డ

ఆ గురువారం కింది వార్డులో ఏడో మంచం దగ్గర నల్లగుడ్డ కప్పుకుని దీపం వేసేసరికి, నేను పెట్టని చోట చుక్క మెరుస్తూ కనిపించింది.

ముందు ఆ చుక్క సంగతి చెప్పాలి. మా ఆసుపత్రికి ఒక జబ్బుతో వచ్చినవాళ్లకు, వచ్చాక ఇంకో జబ్బు అంటుకుంటోంది. మూత్రం గొట్టం పెట్టినవాళ్లకు చలిజ్వరం, కుట్లు వేసినచోట చీము. ఎందుకో తేల్చాలని మా నర్సింగ్ సూపరింటెండెంటు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆవిడను మేమంతా పెద్ద మేడం అంటాం. అందులో నర్సుగా నా పని చాలా చిన్నది. సాయంత్రం మంచాల కమ్మీలకు, పక్కబల్లల అంచులకు ఒక పెన్నుతో జిగురులాంటి చుక్క పెట్టాలి. ఆరాక అది మామూలు కంటికి కనిపించదు, నీలం దీపం వేస్తేనే మెరుస్తుంది. మర్నాడు పదకొండు గంటలకు, వార్డు శుభ్రం చేశాక, వెళ్లి దీపం వేసి చూడాలి. చుక్క పోయిందంటే అక్కడ తుడిచినట్టు, ఉందంటే తుడవనట్టు. పోయినవాటికి టిక్కు, ఉన్నవాటికి సున్నా.

పగటి వెలుతురులో ఆ మెరుపు ఆనదు కనుక పాతకాలపు ఫొటోగ్రాఫరులా నల్లగుడ్డ ముసుగేసుకుని మంచాల చుట్టూ పాకేదాన్ని. "అమ్మాయ్, నా ఫొటో బాగా వచ్చిందా? పెళ్లిచూపులకు పంపించాలి" అనేవాడు ఏడో మంచం తాత. ఆయనకు డెబ్బై ఆరేళ్లు.

ఈ పనికి నన్నే ఎందుకు వేశారని అడిగితే పెద్ద మేడం, "నీకు నోరు తక్కువ, కళ్లు ఎక్కువ" అన్నారు. మా ఊరి బడిలో మాస్టారు మా నాన్నతో ఇదే మాట ఫిర్యాదుగా చెప్పేవారు. ఇక్కడికొచ్చాక అదే అర్హత అయింది.

నేను చూడాల్సినవి రెండు వార్డులు. కిందొకటి, పైనొకటి. ఒక్కోదానిలో ఇరవై మంచాలు. శుభ్రం చేసేవాళ్లు ఇద్దరు. కింది ఆవిడను అందరూ మెరుపు అంటారు, పై ఆవిడను నత్త అంటారు. అసలు పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి, అక్కడ తప్ప ఎక్కడా పలకవు. మెరుపు బకెట్టు పట్టుకుని లోపలికొచ్చిందంటే అరగంటలో ఇరవై మంచాలూ అయిపోయేవి. తుడుస్తూనే నలుగురిని పలకరించేది, ఇద్దరిని తిట్టేది, ఒకరికి నీళ్లందించేది. నత్త యాభై దాటిన మనిషి. ఒక్కో కమ్మీని చంటిపిల్లకు పళ్లు తోమినట్టు తోమేది. మాట్లాడేది కాదు. ఆ లెక్కన నాకు చుట్టం.

ఐదు వారాలకు నా లెక్క తేలింది. మెరుపు వార్డులో నూటికి తొంభై మూడు చుక్కలు పోయాయి. నత్త వార్డులో నూటికి అరవై. పై వార్డులో రోజూ పదమూడో మంచం నుంచి ఇరవై దాకా సున్నాలే. అక్కడికొచ్చేసరికి ముసలితనం కదా, ఓపిక అయిపోతోందనుకున్నాను.

ఒకసారి ఆవిడ నన్ను ఆపి, "ఆ మంచాలు మధ్యాహ్నం చేస్తా తల్లీ. అప్పుడొచ్చి చూడు" అంది.

నేను కాగితం చూపించాను. "ఇందులో మధ్యాహ్నానికి గడి లేదు పిన్నీ. అందరికీ పదకొండే."

"సరేలే" అని బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇంకో కాగితం మేడం దగ్గర ఉంది. అదే ఐదు వారాల్లో వార్డుల్లో కొత్తగా జ్వరం, చీము పట్టినవాళ్ల లెక్క. మెరుపు వార్డులో తొమ్మిది మంది. నత్త వార్డులో ఇద్దరు.

ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే నా బుర్ర మొండికేసిన ఎద్దులా అక్కడే నిలబడిపోయేది. బాగా తుడిచినచోట జబ్బులెక్కువ, తుడవనిచోట తక్కువ. అయితే తుడవడం మానేస్తే అందరూ బాగుపడతారా? కాగితం తిప్పి చూశాను. వార్డులు తారుమారుగా రాశానేమోనని మొదటి రోజు నుంచీ మళ్లీ కూడి చూశాను. తప్పు దొరకలేదు. తప్పు దొరికుంటే ఎంత హాయిగా ఉండేదో!

మేడంకు చెప్పాను. "జబ్బులకు వంద కారణాలుంటాయి. కింద ముసలివాళ్లెక్కువ. నువ్వు నీ చుక్కలు చూడు" అన్నారు. తర్వాత కళ్లజోడు తీసి, "శనివారం మీటింగుకు శుభ్రత కాంట్రాక్టు సూపర్‌వైజరు వస్తున్నాడు. తక్కువ వచ్చినవాళ్లను మారుస్తానంటున్నాడు. నీ పట్టిక ఫెయిర్ చేసి పెట్టు" అన్నారు.

మార్చడమంటే తీసేయడం. తక్కువ వచ్చింది ఎవరికో నాకు తెలుసు. పై వార్డు మెట్ల దగ్గర నత్తకూ ఆ మాట చేరింది. "ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారు తల్లీ" అంది గోడతో చెప్పినట్టు. నన్ను నిందించలేదు. నిందించి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఇదంతా అయ్యాక వచ్చింది ఆ గురువారం. ఏడో మంచం ఎడమ కమ్మీకి నేను చుక్క పెట్టాను. అది పోయింది, టిక్కు పెట్టాను. లేవబోతుంటే కుడి కమ్మీ మీద పలచగా, వేలితో పులిమినట్టు నీలం మెరిసింది. కుడివైపు నేను ఎప్పుడూ పెట్టను. ఎడమవైపే పెట్టాలని నియమం. ఎనిమిదో మంచానికి వెళ్లాను. సెలైను స్టాండు మీద మెరుపు. తొమ్మిదో మంచం పక్కబల్ల మీద. తిరిగి ఏడుకొచ్చి దీపం పైకెత్తితే, తాత మంచినీళ్ల గ్లాసు మూత మీద కూడా.

 నేనే పెట్టి మరిచిపోయానా? పెన్ను కారుతోందా? ఎవరైనా నా పెన్ను తీసి ఆటపట్టిస్తున్నారా? పెన్ను విదిల్చి చూశాను, కారలేదు. దీపం బ్యాటరీలు తీసి మళ్లీ వేశాను.

"దొంగ దొరికాడా అమ్మాయ్?" అన్నాడు తాత.

"ఎవరో తెలియట్లేదు తాతా."

"తెలియనప్పుడు నన్ను పట్టుకో. నేనెలాగూ పారిపోలేను."

అప్పుడే మెరుపు చెత్తబుట్ట మారుస్తూ అటొచ్చింది. "ఏంటి సిస్టరమ్మా, ముసుగులో అలా కూర్చున్నావ్? కోడలొచ్చాక అత్త కూర్చున్నట్టు."

"అక్కా, ఈ గ్లాసు మూత ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరు ముట్టుకుంటారు? పొద్దున నేనే శుభ్రంగా తుడిచి పెట్టా. మా తాత కదా, ఆయనకు స్పెషల్."

నేను కాగితం వైపు చూశాను. చుక్కలు పోయాయా లేదా అని రాసుకోవడానికి గడులున్నాయి. లేనిచోట వచ్చిన చుక్కలకు గడి లేదు. ఎక్కడ రాయాలో తెలియక అరచేతిలో రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాను. నేను మా అక్కావాళ్లింట్లో ఉంటాను. రెండు గదులు, ఒక వంటగది, మధ్యలో తినే బల్ల. అక్క కూతురు బడికి బొమ్మ వేస్తూ నీలం రంగు గిన్నె బల్ల మీద ఒలకబోసింది. అక్క పొయ్యి దగ్గర నుంచి మసిగుడ్డ పట్టుకుని వచ్చింది. బల్ల తుడిచింది. అదే గుడ్డతో కుర్చీ వీపు తుడిచింది. అదే ఊపులో పొయ్యి గట్టు, నీళ్ల బిందె మూత, నా టిఫిను డబ్బా కూడా తుడిచింది. ఎక్కడ తుడిస్తే అక్కడ పలచటి నీలం. బల్ల మాత్రం అద్దంలా ఉంది.

బావ పేపరు దించి చూశాడు. "ఏమేవ్, శుభ్రం చేస్తున్నావా, పంచిపెడుతున్నావా?"

"పంచేదాన్నయితే ముందు మీ వాటా మీ మొహానికే పూసేదాన్ని" అంది అక్క. పాప పకపకా నవ్వింది.

నేను నవ్వలేదు. బల్ల వైపు, కుర్చీ వైపు, మళ్లీ బల్ల వైపు చూస్తూ ఉండిపోయాను. "దీనికేమైందే, గుడ్లప్పగించి చూస్తోంది?" అని అక్క నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది. నా నుదుటి మీదా నీలం అంటుకునే ఉంటుంది.

శుక్రవారం చుక్కలు చూడలేదు. ఉదయం ఏడింటికే కింది వార్డులో నర్సుల బల్ల వెనక కూర్చుని, తుడిచే చేతులు చూశాను. మెరుపు బకెట్టులో మందునీళ్లు కలిపింది. ఒక గుడ్డ ముంచి పిండింది. ఒకటో మంచం, రెండో మంచం, మూడో మంచం. మధ్యలో బకెట్టులో ముంచేది, పిండేది, మళ్లీ అదే గుడ్డ. ఇరవై మంచాలకూ ఒకటే. పదోదానికొచ్చేసరికి నీళ్లు టీ రంగుకు తిరిగాయి.

"అక్కా, రోజూ స్టోర్లో పన్నెండు గుడ్డలిస్తారు కదా. మిగతావి ఏం చేస్తావ్?"

అల్మరా తెరిచి చూపించింది. పదకొండు గుడ్డలు మడత నలగకుండా ఉన్నాయి. "సాయంత్రం తిరిగిచ్చేస్తా. స్టోరు బాబాయికి నేనంటే ఎంత గౌరవమో! నిన్న కూడా అన్నాడు, పొదుపంటే నిన్ను చూసి నేర్చుకోవాలని." అల్మరా తలుపు మూస్తూ ఆమె ముఖం వెలిగింది. 

మెట్లెక్కి పైకి వెళ్లాను. నత్త పన్నెండో మంచం ముగించింది. గుడ్డ తీసి మురికి సంచిలో వేసింది. బకెట్టు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బట్టలుతికే గది వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. ఉతికే యంత్రం ముందు స్టూలు మీద కూర్చుని, అద్దం తలుపులో బట్టలు తిరగడం చూస్తోంది.

"పిన్నీ, ఇక్కడేం చేస్తున్నావ్?"

"గుడ్డలైపోయాయి. ఇవి ఉతికి ఆరేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పుడు మిగతా ఎనిమిదీ తుడుస్తా. నీకు చెప్పానుగా."

చెప్పింది. నేనే గడి లేదన్నాను.

"మంచానికో గుడ్డ అని గోడ మీద రాసిపెట్టారంట. నాకు చదువు రాదు. పెద్ద మేడం ఒకసారి చదివి వినిపించారు. విన్నది చేస్తున్నా."

"మరి పన్నెండే ఇస్తే చాలట్లేదని ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదు? స్టోరాయనను అడిగా. 'కింది ఆవిడకు ఒకటి సరిపోతోంది, నీకు పన్నెండు చాలట్లేదా, ఏం తల్లీ, తింటున్నావా' అన్నాడు." నత్త నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడడం అదే మొదలు. "పోన్లే, ఎవరి కడుపు వాళ్లకు తెలుసు అని వచ్చేశా."

నాకు అంతా తెలిసిపోయిందనుకోవాలి. తెలియగానే ఇంకా గందరగోళమైంది. నా పట్టిక ఇలాగే ఇస్తే నత్త పోతుంది. ఉన్నదంతా చెబితే మెరుపు పోతుంది. పైగా నాకు తెలిసింది నిజమో కాదో. ఒకరోజు ఒక గుడ్డను చూసి తొమ్మిది జ్వరాలకు కారణం చెప్పొచ్చా? మెరుపుకు ఇప్పుడే వెళ్లి గుడ్డలు మార్చమంటే మారుస్తుంది, కానీ శనివారం చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు, నా నోటిమాట తప్ప. నా నోటిమాట ఎంత బరువో నాకు తెలుసు. చెప్పకపోతే ఇంకో రోజు ఆ గుడ్డ ఇరవై మంచాలు తిరుగుతుంది. కారిడారులో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. చివరికి సగం సగం పని చేశాను. శనివారం తెల్లవారగానే వెళ్లి, కింది వార్డు ఇరవై మంచాలూ నేనే దూది, స్పిరిటుతో తుడిచాను. ఒక్కో మంచానికి కొత్త దూది, కొత్త చేతితొడుగులు. పాత మెరుపులేవీ లేవని దీపం వేసి చూసుకున్నాను. ఒకటో మంచం ఎడమ కమ్మీకి మాత్రం, అరచేయంత మేర, కొత్తగా చుక్కలు పెట్టాను. ఇంకెక్కడా పెట్టలేదు.

మెరుపు ఎప్పటిలాగే వచ్చి అరగంటలో పని ముగించింది.

పదకొండింటికి మీటింగు. పెద్ద మేడం, సూపర్‌వైజరు, నేను. సూపర్‌వైజరు పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చున్నాడు. "నూటికి అరవై ఎవరికండీ? ఆ పేరు చెబితే రాసేసుకుంటా. పని త్వరగా అయిపోతుంది."

మేడం నా వైపు చూశారు.  దీపం, నల్లగుడ్డ తీసి బల్ల మీద పెట్టి, "ఒకసారి కిందికి రావాలండీ" అన్నాను.

పెద్ద మేడం అంతటి మనిషి నల్లగుడ్డ ముసుగులో దూరారు.  తాత, "ఇవాళ గ్రూపు ఫొటోనా?" అన్నాడు. ఒకటో మంచం ఎడమ కమ్మీ మీద చుక్కల్లేవు. టిక్కు పెట్టాల్సినంత శుభ్రం. రెండో మంచం కమ్మీ మీద దట్టంగా నీలం. మూడో మంచం పక్కబల్ల మీద, నాలుగో మంచం మూత్రం సంచి తగిలించే కొక్కెం మీద, ఐదు, ఆరు. తొమ్మిది దాకా పలచబడుతూ వెళ్లింది.

"నువ్వు పెట్టింది ఎక్కడెక్కడ?" ముసుగులోంచి మేడం గొంతు.

"ఒకటో మంచానికేనండీ."

ఆవిడ బయటికొచ్చేసరికి జుట్టు రేగిపోయి ఉంది. సవరించుకోలేదు. అల్మరా తెరిపించి, పదకొండు గుడ్డలనూ చూశారు. మెరుపు ఒకసారి నా వైపు, ఒకసారి మేడం వైపు చూసింది. తర్వాత తనే ముసుగులో దూరింది. చాలాసేపు రాలేదు. వచ్చాక తన చేతులు ముందుకు చాచి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"అంటే నేను తుడిచింది శుభ్రం కాదా సిస్టరమ్మా? మరి పదకొండేళ్లుగా నేను చేసిందేంటి?"

 

సూపర్‌వైజరు పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. "అయితే ఈవిడ పేరు రాసుకోనా మేడం? ఎవరో ఒకరిది రాయాలి కదా."

"ఇరవై మంచాలకు పన్నెండు గుడ్డలండీ" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఇరవై మంచాలకు పన్నెండు గుడ్డలు. పైన పిన్ని పన్నెండు మంచాలు తుడిచి, గుడ్డల కోసం కూర్చుంటోంది. నేను పదకొండింటికి వెళ్లి మిగతా ఎనిమిదికి సున్నాలు పెడుతున్నాను. మధ్యాహ్నం వెళ్లి చూడలేదు." నేను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం ఆసుపత్రిలో ఎవరూ వినలేదు. నేనూ వినలేదు.

మేడం గోడ మీద తను రాయించిన కాగితాన్ని చూస్తూ నిలబడ్డారు. "మంచానికో గుడ్డ. ఎన్ని మంచాలో, ఎన్ని గుడ్డలో లెక్క పెట్టినవాళ్లు మాత్రం ఎవరూ లేరు" అన్నారు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "ఆ తొమ్మిది జ్వరాలూ దీనివల్లేనంటావా?"

"తెలియదండీ. పైన ఇద్దరికెందుకు వచ్చిందో కూడా తెలియదు."

"నాకూ తెలియదు." ఆవిడ సూపర్‌వైజరు వైపు చూశారు. "పేర్లు రాయకు. ఇద్దరూ ఉంటారు. గుడ్డలు రాసుకో, వార్డుకు ఇరవై. మధ్యాహ్నానికి ఒక గడి పెట్టి ఐదు వారాలూ మళ్లీ మొదట్నుంచి చూద్దాం."

అతను రాసుకున్నాడు. పేరు రాయబోయినంత ఉత్సాహంగా రాయలేదు.

సోమవారం స్టోరు నుంచి వార్డుకు పదహారు గుడ్డలొచ్చాయి. ఇరవై ఎందుకు కాలేదని అడిగితే, మిగతావి దారిలో ఉన్నాయన్నారు. కింది వార్డులో మెరుపు నాలుగో మంచం దగ్గరే ఉంది, టైము తొమ్మిదిన్నర. "నన్ను కూడా నత్తను చేశావు కదా సిస్టరమ్మా. ఇప్పుడు నాకేం పేరు పెడతారో!" అంది. నవ్విందో లేదో మాస్కులో తెలియలేదు. గుడ్డ మార్చింది.

పైన నత్త పదహారో మంచం ముగించింది. నేను కాగితం పెట్టి రాసుకునే అట్టను పదిహేడో మంచం మీద పెట్టి, ముసుగేసుకుని దీపం వేశాను. పదిహేడో మంచం దుప్పటి అంచున, నేను ఎన్నడూ పెట్టనిచోట, నీలం మెరిసింది.  ఈవిడ మంచానికో గుడ్డ వాడుతోంది. మరి ఇదెలా వచ్చింది?

"పిన్నీ, ఒకసారి లోపలికి రా."

ఇద్దరం నల్లగుడ్డ కింద ఇరుక్కుని కూర్చున్నాం. నత్త దుప్పటి చూసింది. దీపం నా చేతిలోంచి తీసుకుని, అట్ట వైపు తిప్పింది. అట్ట అంచులన్నీ, వెనకవైపంతా చుక్కలు. పెన్ను క్లిప్పు మీద. నా వేళ్ల మీద. ఐదు వారాలు ప్రతి మంచం మీదా ఆనించి రాసిన అట్ట అది. పైకీ కిందికీ రోజూ తిరిగిన అట్ట.

"పోలీసు సంచిలోనే దొంగసొమ్మంతా ఉందే తల్లీ" అంది నత్త.

పట్టికలో మెరుపుకు గడి ఉంది, నత్తకు గడి ఉంది. నాకు లేదు. పై వార్డులో ఆ ఇద్దరు రోగుల జ్వరం ఎవరి లెక్కలో రాయాలి? అట్ట ఆవిడ ముందుకు చాచి, "దీన్ని కూడా తుడవవా పిన్నీ" అన్నాను.

ఆవిడ ఖాళీ బుట్టలోకి ఒకసారి చూసింది.

"గుడ్డలైపోయాయి. మధ్యాహ్నం పట్రా. ఈలోపు దాన్ని దేనిమీదా పెట్టకు."

అట్టను రెండు చేతులతో గాల్లో పట్టుకుని, ఆవిడ వెనకే బట్టలుతికే గదికి నడిచాను.